ఎయిడ్స్ పేషెంట్లకు వేరే వార్డు కావాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వాసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. బాగా చదువుకున్నవాళ్ల నోటి నుంచి కూడా తరచూ వినే మాటలివి.

అపోహ: ఎయిడ్స్ పేషెంట్లను వేరే వార్డులో పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. పక్క మంచం మీద పడుకున్నంత మాత్రాన హెచ్‌ఐవీ సోకదు. గ్లౌజులు, సూదుల దగ్గర జాగ్రత్త ప్రతి పేషెంట్‌కీ ఒకేలా పాటించాలి, ఎవరి రక్తంలో ఏముందో ముఖం చూసి చెప్పలేం కదా. సిబ్బందికి సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు, వీలైతే 2 గంటల్లోనే హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందు మొదలుపెట్టాలి కాబట్టి, ఆ మాత్రలు రాత్రి డ్యూటీ నర్సు చేతికి అందేచోట ఉండాలి. తాళం వేసిన స్టోర్‌లో ఉంటే ఏం లాభం?

నిజంగా భయపడాల్సింది టీబీకి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా బలి తీసుకునేది అదే. అందుకే వచ్చిన ప్రతి ఒక్కరినీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల గురించి అడుగుతాం. దగ్గుతున్న మనిషిని కిక్కిరిసిన హాల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టకుండా ముందుగా చూసి పంపాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలాచోట్ల జరగదు.

అపోహ: మాత్రలు ఫ్రీగా ఇస్తున్నారుగా, ఇంకేం కావాలి?

వాస్తవం: 2004 నుంచి ఉచితమే, 2017 నుంచైతే సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందు మొదలుపెడుతున్నాం, చాలామందికి ఇప్పుడు రోజుకు ఒక్క మాత్రే. కష్టమంతా మానకుండా రావడంలో ఉంది. కూలికి పోయే ఆవిడ సెంటర్‌కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే, పైన బస్సు ఛార్జీలు, పైగా ఊళ్లోవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. అందుకే ఊరికి దగ్గర్లోని ఆసుపత్రిలో లింక్ ఏఆర్‌టీ సెంటర్ (పెద్ద సెంటర్‌కి అనుబంధంగా మాత్రలిచ్చే చోటు), నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మాత్రలు, రావాల్సిన తేదీకి రాకపోతే ఫోన్. పనికోసం వేరే ఊరు వెళ్తుంటే ముందే చెప్పండి, అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాసిస్తాం.

అపోహ: మధ్యలో మానేస్తే మళ్లీ మందులివ్వరు.

వాస్తవం: ఇస్తారు. సీడీ4 200 కన్నా తగ్గి, లేవలేని స్థితిలో వచ్చినవాళ్లు కూడా టీబీ లాంటివి కనిపెట్టి చికిత్స చేస్తే కోలుకుని పనుల్లోకి వెళ్లడం చూస్తూనే ఉన్నాం. అలా తిరిగొచ్చినవాళ్లను కౌంటర్ దగ్గరే నిలదీసే సిబ్బంది మీద నాకు చాలా కోపం, ఎందుకంటే ఆ ఒక్క మాటతో మనిషి మళ్లీ రాడు. మానేసి ఎన్నాళ్లయినా సరే, పాత ట్రీట్‌మెంట్ బుక్ పోయినా సరే రండి, సెంటర్ ఎక్కడో తెలియకపోతే 1097 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.