యాభై దాటిన ఒళ్లు అడిగేది

చెల్లెలి కొడుకు పెళ్లి వారం రోజుల్లో ఉందనగా పట్టుచీర మీద జాకెట్టు తొడిగితే చేతులు దూరలేదు. విజయనగరం గంటస్తంభం దగ్గరి సందులో పాతికేళ్లుగా నాకు కుట్టే ఆమె దగ్గరికి పట్టుకెళ్లాను. చంకల దగ్గర లోపలికి మడిచి వదిలిన గుడ్డను వేలితో తడిమి, "ఏటమ్మా అంత దిగులు? ఇంకా రెండు కుట్లకి సరిపడా గుడ్డ ఉంది" అంటూ బ్లేడుతో పాత కుట్టు విప్పేసింది.

యాభై దాటిన ఆడవాళ్ల జాకెట్లు ఎక్కడ బిగుస్తాయో ఆమెకు తెలుసు, అందుకే ముందుగానే గుడ్డ వదులుతుంది. నేను మాత్రం అప్పటికే నెల రోజులుగా రాత్రి అన్నం మానేసి, ఫోన్లో ఎవరో పంపిన డైట్ చార్ట్ పట్టుకుని ఉన్నాను. చద్దన్నం వద్దు, చోడి (రాగి) అంబలి వద్దు. మూడు కిలోలు తగ్గాను. ఆ మూడు కిలోల్లో పోయిందేమిటో చదివి తెలుసుకున్నాక బాధేసింది.

మొదటి వారం తగ్గేది చాలావరకు నీరే. కాలేయం, కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి, దాని ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీరు పట్టి ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిల్వ కరుగుతుంది. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది, దానితో పాటు కండా పోతుంది. వ్యాయామం లేకుండా కడుపు మాడ్చుకుంటే తగ్గిన బరువులో దాదాపు పావు వంతు ఇలా కొవ్వు కాని భాగమే కావచ్చు. కాటా మీద అంకె తగ్గిందని సంబరపడ్డ రోజుల్లోనే మెట్లెక్కితే నా మోకాళ్లు వణికేవి.

"వయసు మీద పడింది, మెటబాలిజం పడిపోయింది" అని పెళ్లిలో ముగ్గురు చెప్పారు. అది నిజం కాదు. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, 8 రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల వృద్ధుల దాకా, రోజుకి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతుందో కొలిచిన ఫలితాలు 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల వరకు ఆ ఖర్చు ఇంచుమించు ఒకేలా ఉంది. 60 దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతుంది.

మరి నడుం దగ్గర మార్పు ఎందుకు? ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుతుంది. అంతవరకు తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు పొట్ట వైపు చేరడం మొదలవుతుంది. బరువు పెరగకపోయినా ఆకారం మారుతుంది. పొట్ట లోపలి కొవ్వు ఎక్కువైతే షుగర్, బీపీ, గుండె జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే, కాబట్టి పరీక్షలు చేయించుకోవాలి. దానికి సిగ్గుపడాల్సిన పని మాత్రం లేదు.

ఆకలితో ఒంటిని లొంగదీయాలని చూస్తే ఏమవుతుందో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో చూశారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 కేలరీల తిండి పెట్టాడు. ఈనాటి డైట్ చార్టుల్లో చాలావాటి కంటే అది ఎక్కువే! వాళ్లకి ఎప్పుడూ చలేసేది, చిరాకు, నీరసం. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా ఆకలి తీరలేదు, పోయిన కండ కంటే ముందు కొవ్వు తిరిగి వచ్చింది. రాత్రి పదింటికి వంటింట్లో బెల్లం ముక్క వెతుక్కుంటూ "నాకు మనసు గట్టిది కాదు" అని నన్ను నేను తిట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. అది ఆకలి పడ్డ ఒళ్లు చేసే పనేనమ్మా!

ఈ వయసులో పోగొట్టుకోకూడనిది కండ. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా అదే తీసుకుంటుంది. కాలు జారినప్పుడు నిలబెట్టేది అదే. వయసుతో అది కొద్దికొద్దిగా తరుగుతుంది, అయినా పిలిస్తే పలుకుతుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్లు, ఆ చుట్టుపక్కల వయసున్న పది మందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయిస్తే, చివరిదాకా చేసిన తొమ్మిది మందికి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది.

బరువులెత్తడం మన వైపు వింత కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో మొదలుపెట్టింది. విజయనగరం దగ్గరి కొండవెలగాడ ఎంతోమంది లిఫ్టర్లను ఇచ్చింది. మనకి మాత్రం అంత అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేస్తే చాలు.

తిండిలో భారత వైద్య పరిశోధన మండలి చెప్పే లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీను. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఉలవలు, పప్పు, గుడ్డు, చేప, పెరుగుతో అది వస్తుంది. చార్ట్ కొట్టేసిన చోళ్లలో నూరు గ్రాములకి 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంది. ఎముకలు పలచబడే వయసులో దాన్ని మానేయమనడం ఎంత అన్యాయం! ఇంకో మాట: కిడ్నీ జబ్బు అంత ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు ఎవరో చెప్పారని ప్రోటీన్ పొడులు మొదలుపెట్టకండి. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరుని అడగండి.

పెళ్లికి ఆ జాకెట్టే తొడుక్కున్నాను. విప్పిన పాత కుట్టు దగ్గర సూది చిల్లులు ఇంకా వరసగా కనిపిస్తున్నాయి. ఇప్పుడు రాత్రి అన్నం తింటున్నాను. కుర్చీలోంచి లేవడం మొదట ఆరుసార్లకే ఆయాసం వచ్చేది, నిన్న పదమూడు.