జిరాక్స్ మిషన్ మీద 141 ఎందుకు?

"మావయ్యా, ఎ4కి రెట్టింపే కదా ఎ3? మరి 200 నొక్కకుండా 141 నొక్కాడేంటి?" జిరాక్స్ షాపులో మా మేనల్లుడి అనుమానం. వాడు తొమ్మిదో తరగతి. సరూప త్రిభుజాల (సైజు వేరైనా ఆకారం ఒకటే అయినవాటి) పాఠం ఇంకా మొదలవలేదు గానీ ప్రశ్న మాత్రం ఆ పాఠం నడిమధ్యలోంచే వచ్చింది.

రెట్టింపయ్యేది కాగితం వైశాల్యం. మిషన్ మీద నొక్కే అంకె భుజాలకు సంబంధించింది. అన్ని భుజాలనీ ఒకే సంఖ్యతో గుణిస్తేనే ఆకారం చెడదు. ఆ సంఖ్యే స్కేలు ఫ్యాక్టర్. భుజం 2 రెట్లయితే వైశాల్యం 4 రెట్లు. కాబట్టి 200 నొక్కితే నాలుగు ఎ4లంత కాగితం కావాలి. వైశాల్యం సరిగ్గా 2 రెట్లే కావాలంటే భుజం 2 వర్గమూలం రెట్లు, అంటే 1.414 రెట్లు పెరగాలి. అదే 141 శాతం.

నాకు ముచ్చటేసేది మడత. ఎ3ని సగానికి మడిస్తే ఎ4, దాన్ని మడిస్తే ఎ5. ఎన్నిసార్లు మడిచినా అదే ఆకారం! ఏ కాగితం పడితే అది ఇలా లొంగదు. చిన్న భుజం 1, పెద్దది x అనుకోండి. మడిచాక భుజాలు x/2, 1. రెండు ఆకారాలూ సరూపాలు కావాలంటే x/1 = 1/(x/2), అంటే x² = 2. ఇంకో జవాబే లేదు. ఎ4 కొలతలు 297, 210 మిల్లీమీటర్లు, భాగించి చూసుకోండి. ఎక్కడ దీర్ఘచతురస్రం కనబడినా 'బంగారు నిష్పత్తి' (1.618) అనేవాళ్లున్నారు. 1.618 కాగితాన్ని మడిస్తే 1.236 వస్తుంది, ఆకారం పోయినట్టే.

1786లోనే లిచ్టెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ ఆకారం గురించి ఒక ఉత్తరంలో రాశాడు. 1922లో అది జర్మనీలో ప్రమాణమైంది. ఎ0 వైశాల్యం 1 చదరపు మీటరు, నాలుగు మడతలకి ఎ4. అంటే భుజం నాలుగో వంతు, వైశాల్యం పదహారో వంతు. అందుకే 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల) ఎ4 కాగితం బరువు సరిగ్గా 5 గ్రాములు.

ఇంతకీ మేం వెళ్లింది లీగల్ సైజు దస్తావేజుని ఎ4లోకి దించడానికి. అది 356 పొడవు, 216 వెడల్పు. ఎ4కి, దీనికి పోలికే లేదు. పొడవు 297కి దిగాలంటే ఫ్యాక్టర్ 0.834. మరి వెడల్పెంత? పరీక్షలో 'x కనుక్కోండి' అంటే పిల్లలు అడ్డగుణకారం చేసేసి మార్కులు తెచ్చుకుంటారు, ఆ x దేని పొడవో అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. ఇక్కడ x అంటే 216 × 0.834, సుమారు 180. పక్కకి 15 మిల్లీమీటర్ల చొప్పున తెల్లగా మిగలాలి. షాపతను ఏ లెక్కా వేయకుండా అలవాటుగా 83 నొక్కాడు. మావాడు స్కేలు పెట్టి కొలిచాడు, 15.

దస్తావేజు చివర స్థలం ప్లాను ఉంది, 'అంగుళానికి 20 అడుగులు' అని రాసి. నకలు మీద ఆ మాట చెల్లదు, అంగుళానికి 24 అడుగులైంది. రాసిన స్కేలుని నమ్మి కొలిస్తే స్థలం ముందువైపు 40 అడుగుల ముఖం 33 అడుగులై కూర్చుంటుంది.