గీత పడిన లెన్స్

నా దగ్గరున్న 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కెమెరా లెన్స్ ముందు అద్దం మీద, నడిమికి కొంచెం పక్కగా, బియ్యపు గింజంత గీత ఒకటి ఉంది. ఎవరో వాడిన లెన్స్‌ను కొన్నప్పుడు దుకాణంలోని వెలుతురులో అది నా కంట పడలేదు. ఇంటికి వచ్చి కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూసేసరికి సన్నని వెండి తీగలా మెరిసింది. ఆ రోజంతా గోడలనూ, మనుషులనూ, పెరట్లోని జామచెట్టునూ ఫొటోలు తీసి, ఒక్కొక్కదాన్నీ పెద్దది చేసి వెతికినా గీత జాడ ఎక్కడా దొరకలేదు.

జామచెట్టు మీది ఒక ఆకు కొసనే తీసుకుందాం. దాని నుంచి బయలుదేరిన కాంతి లెన్స్ ముందు అద్దం మీద ఏదో ఒక్కచోట పడి ఊరుకోదు, వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ కిరణాలన్నిటినీ లెన్స్ వంచి, కెమెరాలో చిత్రాన్ని నమోదు చేసే సెన్సర్ మీద తిరిగి ఒకే బిందువు దగ్గరకు చేరుస్తుంది. అద్దంలో ఈ మూల చిత్రంలో ఈ మూలకు, ఆ మూల ఆ మూలకు అన్న వాటాలు అక్కడ లేవు. అందుకే గీత దగ్గర కొన్ని కిరణాలు ఆగిపోయినా, ఆ లోటు చిత్రమంతటికీ పంచబడి కంటికి ఆనకుండా పోతుంది. లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ద్వారం బాగా తెరుచుకునే ఎఫ్/1.8 అమరిక దగ్గర ఈ లెన్స్ కాంతిని లోపలికి తీసుకునే ద్వారం, అంటే ఎపర్చర్, వ్యాసం దాదాపు 28 మిల్లీమీటర్లు, వైశాల్యం సుమారు 600 చదరపు మిల్లీమీటర్లు. గీత పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే, అది ఆక్రమించేది 0.6 చదరపు మిల్లీమీటర్లే, అంటే 1000లో ఒక వంతు. నమ్మకం కుదరనివారు లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ నడుమ అగ్గిపుల్ల తలంత కాగితం ముక్క అంటించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి దూరంగా ఉన్న చెట్టును ఫొటో తీసి చూడవచ్చు. కాగితం కనిపించదు.

ఇంతకంటే చాలా పెద్ద దెబ్బ తిన్న అద్దం ఒకటి అమెరికాలో ఉంది. టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ వేధశాలలో 1970 ఫిబ్రవరిలో ఒక ఉద్యోగి టెలిస్కోపులో కాంతిని ప్రతిఫలించే 107 అంగుళాల అద్దం మీదకు పిస్తోలుతో ఏడుసార్లు కాల్చాడు. గుంటలు పడ్డాయి గాని అద్దం పగల్లేదు. కాంతిలో నష్టం 100లో ఒక వంతు దగ్గరే ఆగింది, టెలిస్కోపు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నక్షత్రాలను చూస్తూనే ఉంది. అక్కడివారు ఆ గుంటలను చెక్కి శుభ్రం చేసి, లోపల నల్లరంగు పూశారు. ఎందుకు పూశారో నాకు మొదట అర్థం కాలేదు.

అర్థమైంది కాకినాడ తీరంలో, సూర్యోదయాన్ని తీస్తున్నప్పుడు. ఎదురుగా సూర్యుడు, ముందు ఒక చేపల పడవ. నల్లగా రావలసిన పడవ బూడిద రంగులో వచ్చింది, దాని మీదుగా పాలచారలాంటి వెలుగొకటి గీతకు అడ్డంగా సాగింది. గీత అంచులు గరుకుగా ఉంటాయి కనుక అక్కడ పడిన కాంతి ఆగిపోక, చెదిరి, తనది కాని చోటికల్లా వెళ్తుంది. మామూలు వెలుతురులో వెయ్యో వంతు ఎంత అల్పమో, సూర్యుడి కాంతిలో అదే వెయ్యో వంతు పడవ నీడను మింగేయడానికి అంత చాలు. గీత చేసే అసలు హాని ఇదే. ఫొటోగ్రాఫర్లు పాతకాలం నుంచీ గీతలో నల్ల ఇంకు నింపడం, వేధశాలవారు గుంటలకు రంగు పూయడం, రెండూ ఒకే వైద్యం: చెదరగొట్టేదాన్ని ఊరికే అడ్డుకునేదిగా మార్చడం. నేను సూదిమొనతో ఇండియన్ ఇంకు దింపి, మిగిలినది తుడిచాను. పాలచార చాలావరకు పోయింది.

అయితే ఎపర్చర్‌ను ఎఫ్/16కు తగ్గిస్తే లెక్క తారుమారవుతుంది. అప్పుడు ద్వారం వ్యాసం 3 మిల్లీమీటర్లకు కాస్త పైన. గీతలో సగం దానికి అడ్డుపడినా 100లో నాలుగు వంతులు పోతాయి, పైగా ఆ లోటు చిత్రంలో ఒక చోట మసక మచ్చలా గుమికూడుతుంది. వెనక అద్దం దగ్గర కిరణాల కట్ట అప్పటికే సన్నబడి ఉంటుంది కాబట్టి అక్కడి చిన్న గీత కూడా ముందుదానికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఫోన్ కెమెరాకు ఈ కష్టం పుట్టుకతోనే ఉంది: దాని ద్వారమే మూడు నాలుగు మిల్లీమీటర్లు. జిడ్డు వేలిముద్ర ఒక్కటి చాలు, రాత్రి వీధిదీపాలన్నీ తోకచుక్కలవుతాయి.

తుడిచే పద్ధతిలోనే చాలా గీతలు పుడతాయి. దుమ్ములోని ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, చాలా కటకాల గాజుకంటే గట్టిది. చొక్కా అంచుతో రుద్దితే ఆ రేణువే ఉలి అవుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ ముట్టించాలి. అరిగిపోయేది గాజు మీది పలుచని కోటింగ్ అయినా నష్టమే. కోటింగ్ లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర 100లో నాలుగు వంతుల కాంతిని వెనక్కి కొడుతుంది, ఆ ప్రతిఫలనాలే ఫొటోలో దెయ్యపు మచ్చలై తేలుతాయి.

గీతకంటే నాకు భయం బూజు. సముద్రం ఒడ్డున, వానాకాలంలో బీరువాలో పెట్టి మరిచిన లెన్స్ లోపల అది సాలెగూడులా అల్లుకుని, ఆమ్లం వదిలి కోటింగ్‌ను, ఆపైన గాజును కూడా తింటుంది. బూజు తుడిచేసినా ఆ తిన్న ఆనవాలు పోదు, చెదిరే కాంతి అద్దమంతటి నుంచీ చెదురుతుంది. గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాచడం, అప్పుడప్పుడు బయటికి తీసి వాడుతుండడం మంచి ఉపాయాలు. వాడిన లెన్స్ కొనేటప్పుడు ఎపర్చర్ తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి వాలుగా చూస్తే ఆ పోగులు తెల్లగా కనిపిస్తాయి. నేను ఆ రోజు దుకాణంలో అంతపని చేసి ఉంటే గీత కూడా కనిపించేది. బూజు లేదని తేలితే, బహుశా అదే లెన్స్ కొనేవాడిని.