'కొంత భాగం' అంటే ఎంత? సేవానిధుల కోసం వచ్చే పుస్తకాల నేపథ్యం

'ఈ పుస్తకం అమ్మకాలపై వచ్చే ఆదాయంలో కొంత భాగం సేవా కార్యక్రమాలకు వెళ్తుంది.' వెనక అట్ట మీద ఈ మాట చూసి పుస్తకం కొనేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ కొంత ఎంత, ఆదాయమంటే పుస్తకం మీద వేసిన ముఖవెలా, ప్రచురణకర్త చేతికి అందిన డబ్బా, ఖర్చులు పోను మిగిలిందా అని ఆరా తీసేవాళ్లు తక్కువ. ఈ మూడూ ఒకటి కావు. అదే పుస్తకం, అన్నే ప్రతులు అమ్ముడైనా ఒక లెక్కలో నిధికి చెప్పుకోదగ్గ మొత్తం చేరుతుంది, ఇంకో లెక్కలో చిల్లిగవ్వ రాదు. దాదాపు రెండున్నర శతాబ్దాలుగా ఇలాంటి పుస్తకాలు వస్తున్నాయి. వాటిలో నిజంగా పనికొచ్చినవి ఏవో చూస్తే, ప్రెస్సుకు వెళ్లకముందే పాఠకుల్ని కూడగట్టుకున్నవీ, డబ్బు లెక్క తేల్చుకున్నవీ కనిపిస్తాయి.

పాఠకుల్ని ముందే కూడగట్టడం కొత్త సంగతేమీ కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చందా ప్రచురణ మామూలు వ్యవహారం. పుస్తకం వస్తుందని ప్రకటించి, కొంటామన్నవాళ్ల పేర్లు రాసుకుని, తరచుగా కొంత సొమ్ము ముందే పుచ్చుకుని, అప్పుడు అచ్చుకిచ్చేవారు. చందాదారుల పేర్లు పుస్తకంలోనే జాబితాగా వచ్చేవి. లండన్‌లో కిరాణా కొట్టు నడిపిన ఆఫ్రికన్ రచయిత, స్వరకర్త ఇగ్నేషియస్ సాంకో 1780లో చనిపోయాక ఆయన ఉత్తరాలను ఈ పద్ధతిలోనే 1782లో రెండు సంపుటాలుగా తెచ్చారు. ఆయన భార్యాబిడ్డలను ఆదుకోవడం అందులో ఒక ఉద్దేశం. 1,100 మందికి పైగా చందాదారులయ్యారు, భార్య చేతికి 500 పౌండ్లకు పైగా అందింది. ఏడేళ్లకు, 1789లో, ఒకప్పుడు బానిసగా ఉన్న ఒలౌడా ఈక్వియానో తన ఆత్మకథను 311 మంది చందాదారులతో సొంతంగా వేసుకున్నాడు. జాబితాలో యువరాజు పేరూ ఉంది. బానిస వ్యాపారం రద్దు చేయాలని పార్లమెంటులో వాదన నడుస్తున్న రోజులవి. అలాంటప్పుడు ఆ పేర్ల పట్టిక దాదాపు ఒక సంతకాల విజ్ఞాపనతో సమానం.

అట్లాంటిక్ అవతల, అమెరికాలో, ఇదే పని నిధుల కోసం పెట్టే సంతల మీదుగా సాగింది. బోస్టన్‌లో మరియా వెస్టన్ చాప్‌మన్ 1839 నుంచి 1858 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, 'ది లిబర్టీ బెల్' అనే వార్షిక సంచికను తెచ్చింది. బానిసత్వ వ్యతిరేక సంఘం ఏటా జరిపే బజారులో దాన్ని అమ్మేవారు. రచయితలకు పారితోషికం లేదు. ఇటలీలో ఉన్న ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ రాసిన, పారిపోయిన బానిస స్త్రీ గురించిన కవిత మొదట వెలువడింది 1848 సంచికలోనే. రోచెస్టర్‌లో జూలియా గ్రిఫిత్స్ 1853, 1854లలో తెచ్చిన 'ఆటోగ్రాఫ్స్ ఫర్ ఫ్రీడమ్'లో ప్రతి రచన కింద ఆ రచయిత సంతకం నకలు వేశారు. ఒకప్పుడు బానిసగా ఉండి బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడైన ఫ్రెడరిక్ డగ్లస్ కథ అందులో ఉంది, ఆయన పత్రికకు ఆసరా కావడం కూడా దాని లక్ష్యాల్లో ఒకటి. రచన ఎక్కడైనా దొరకవచ్చు, సంతకం ఇందులోనే దొరుకుతుంది. సేవానిధి పుస్తకానికి వేరేచోట లేనిదేదో ఒకటి ఉండాలన్న కిటుకు వాళ్లకు అప్పటికే తెలుసు.

ఆ కిటుకు వల్ల మిగిలిందే అమెరికా అధ్యక్షుడు లింకన్ 1863లో చేసిన గెటిస్‌బర్గ్ ప్రసంగపు ప్రామాణిక ప్రతి. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం 1864లో బాల్టిమోర్‌లో సంత పెట్టారు. అక్కడ అమ్మడానికి రచయితల చేతిరాతలను రాతిముద్రణలో నకలు తీసి ఒక పుస్తకం వేయాలని చరిత్రకారుడు జార్జ్ బ్యాంక్రాఫ్ట్ ద్వారా లింకన్‌ను అడిగారు. ఆయన పంపిన ప్రతి కాగితానికి రెండు వైపులా రాసి ఉండటంతో నకలుకు పనికిరాలేదు. ఒకవైపే రాసి, శీర్షిక, సంతకం, తేదీ పెట్టి ఆయన ఇంకొకటి పంపాడు. ఆయన సంతకంతో ఉన్న ఆ ప్రసంగ ప్రతి అదొక్కటే. ఇప్పుడది వైట్‌హౌస్‌లో ఉంది. కాగితం కొలత, అంచులు, ఒకవైపే రాయాలన్న సూచన మొదటి ఉత్తరంలోనే ఉండి ఉంటే అధ్యక్షుడికి రెండోసారి రాసే పని తప్పేది. సంకలనకర్తలు ఈ పొరపాటు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

అదే ఏడాది ఫిలడెల్ఫియా సంత కోసం మరియా మాస్ వంటల పుస్తకం వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో చర్చిలు, మహిళా సంఘాలు, ఆస్పత్రి కమిటీలు వేల కొద్దీ వంటల పుస్తకాలు వేశాయి. 1886లో బోస్టన్‌లో మహిళల ఓటు హక్కు కోసమూ ఒకటి వచ్చింది. వీటి వెనక ఆర్థిక సూత్రం సులువైంది. ఒక్కో వంట కింద అది పంపిన ఆమె పేరు ఉంటుంది. 200 మంది పేర్లుంటే ఆ 200 కుటుంబాలూ, వాళ్ల చుట్టాలూ కొంటారు. స్థానిక వ్యాపారుల ప్రకటనలతో అచ్చు ఖర్చు గట్టెక్కుతుంది, ఇక అమ్మిన ప్రతిదీ నిధికే. మిల్వాకీలో వలస కుటుంబాల కోసం నడిచే కేంద్రంలో వంట నేర్పిన లిజ్జీ కాండర్ 1901లో పాఠాలను పుస్తకంగా వేద్దామని 18 డాలర్లు అడిగితే కమిటీ ఇవ్వలేదు. ప్రకటనలు పోగుచేసి 1,000 ప్రతులు వేశారు, వెల 50 సెంట్లు. ఆ 'సెటిల్‌మెంట్ కుక్‌బుక్' తర్వాతి దశాబ్దాల్లో పది లక్షలకు పైగా అమ్ముడైంది. సాహిత్య చరిత్రకారులు ఈ పుస్తకాలను అంతగా పట్టించుకోరు కానీ, లెక్కల దృష్ట్యా ఘనమైన రచయితల సంకలనాల కన్నా ఇవే గట్టివి.

ఘనమైన సంకలనాలకు మొదటి ప్రపంచయుద్ధం అదను. 1914 క్రిస్మస్‌కు లండన్ డైలీ టెలిగ్రాఫ్ పత్రిక, హాల్ కెయిన్ సంపాదకత్వంలో, బెల్జియం సహాయనిధి కోసం 'కింగ్ ఆల్బర్ట్స్ బుక్' తెచ్చింది. 1916లో అమెరికన్ నవలాకారిణి ఈడిత్ వార్టన్ శరణార్థుల కోసం 'ది బుక్ ఆఫ్ ది హోమ్‌లెస్' కూర్చింది. హార్డీ, కాన్రాడ్, హెన్రీ జేమ్స్, యేట్స్ రచనలు, మోనె, రెన్వార్ చిత్రాలు, స్ట్రావిన్‌స్కీ స్వరం అందులో ఉన్నాయి. ఫ్రెంచి రచనల్లో చాలావాటిని వార్టనే ఇంగ్లీషులోకి మార్చింది. ఆమె తెలివి మరోచోట ఉంది. సాధారణ ప్రతులతో పాటు 175 ఖరీదైన ప్రతులు వేయించింది, అసలు చేతిరాతలనూ చిత్రాలనూ 1916 జనవరిలో న్యూయార్క్‌లో వేలం వేయించింది. ఒకే సరుకు మూడు రకాల కొనుగోలుదారుల దగ్గరికి చేరింది. ఒక్క ముఖవెల మీదే ఆధారపడే సంకలనాలకు ఈ వెసులుబాటు ఉండదు.

హక్కుల్నే ఇచ్చేయడం వేరే దారి. 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి వాళ్లు, స్థలం కొనడానికి ఏర్పాటైన కమిటీలో ఉండమని రచయిత జె.ఎం. బారీని అడిగారు. ఆయన కాదని, తన పిల్లల కథ 'పీటర్ పాన్' హక్కులు రాసిచ్చాడు. దాని మీద ఎంత వచ్చిందో బయటపెట్టొద్దన్నాడు. ఆయన 1937లో చనిపోయాడు, 50 ఏళ్ల లెక్కన 1987తో కాపీరైట్ ముగిసింది. మాజీ ప్రధాని జేమ్స్ కాలహన్ చొరవతో 1988 కాపీరైట్ చట్టంలో 301వ సెక్షన్ చేర్చి, బ్రిటన్ వరకు ఆ ఆస్పత్రికి రాయల్టీ శాశ్వతం చేశారు. కథను ఎవరు ఎలా వాడుకోవాలో శాసించే అధికారం మాత్రం ఆ సెక్షన్ ఇవ్వలేదు. ఇది ఒకే ఒక్క పుస్తకం కోసం చేసిన మినహాయింపు, దీన్ని నమూనాగా తీసుకుని ఎవరూ ఒప్పందం రాసుకోలేరు. రచయిత హక్కు రాసిస్తే అది కాపీరైట్ ఉన్నంతకాలమే నడుస్తుంది.

ఇక ఆ వెనక అట్ట వాక్యంలోని చిక్కు ఎలా పెరిగిందంటే, వ్యాపార పద్ధతులు మారినందువల్ల. 1930ల ఆర్థికమాంద్యంలో అమెరికన్ ప్రచురణకర్తలు అమ్ముడుపోని ప్రతుల్ని వెనక్కి తీసుకునే అలవాటు పెట్టారు. దాంతో దుకాణానికి వెళ్లిన ప్రతి అమ్ముడైనట్టు కాదు. తిరిగొచ్చేవి నెలల తర్వాత వస్తాయి, కాబట్టి ఏడాది గడిస్తే గానీ లాభం తేలదు. బ్రిటన్‌లో 1900 నుంచి పుస్తకాల వెలను స్థిరంగా ఉంచిన నెట్ బుక్ ఒప్పందం 1995లో కూలింది. సగం ధరకు అమ్మిన పుస్తకంలో 'వెలలో 10 శాతం' ఏ వెల మీద? ఈ గందరగోళం పుస్తకాలకే పరిమితం కాదు గనుక, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1992 చట్టం ఒక నియమం పెట్టింది. సేవాసంస్థ పేరు చెప్పి సరుకు అమ్మే వ్యాపారికి ఆ సంస్థతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఎవరికి ఎంత వెళ్తుందో చెప్పాలన్న షరతు 2006 సవరణతో మరింత బిగిసింది. 'ప్రతి కాపీకి కనీసం ఇంత' అనే వాక్యాలు అట్టల మీద కనిపించడానికి కారణం ఇదే.

లెక్క వేసి చూద్దాం. ముఖవెల 100, అచ్చువేసినవి 1,000 ప్రతులు, రచయితలు రాయల్టీ వదులుకున్నారు. దుకాణానికీ పంపిణీదారుకూ కలిపి 50 కమీషన్ పోతే చేతికొచ్చేది కాపీకి 50. అచ్చుకు 18,000, కూర్పు, అట్ట, దిద్దుబాటు, రవాణాలకు 12,000, మొత్తం ఖర్చు 30,000. 600 ప్రతులు పోతే వచ్చేది సరిగ్గా 30,000, అంటే 'లాభాలన్నీ నిధికే' అన్నవాళ్లు ఇవ్వాల్సింది సున్న. 'చేతికొచ్చినదాంట్లో 10 శాతం' అంటే 3,000. 'కాపీకి 10' అంటే 6,000, ఆ మేరకు ప్రచురణకర్త జేబులోంచి పెట్టుకోవాలి. వెయ్యీ అమ్ముడైతే సీను తిరగబడుతుంది. లాభాలన్నీ అన్నవాళ్లు 20,000 ఇస్తారు, కాపీకి 10 అన్నవాళ్లు 10,000తో సరిపెడతారు. అందుకే 'కాపీకి కనీసం 10, లాభం అంతకు మించితే ఆ మించినదంతా' అని రెండూ కలిపి రాసుకోవడం మేలు.

ఇప్పుడు అదే 600 ప్రతుల్లో 400 ముందస్తు చందాదారులకు నేరుగా వెళ్లాయనుకుందాం. తపాలాకు 10 పోను కాపీకి 90, మొత్తం 36,000. మొదటి ప్రతి దుకాణానికి చేరకముందే ఖర్చంతా వచ్చేసి 6,000 మిగిలింది. మిగతా 200 మీద 10,000. సున్న ఉన్నచోట 16,000 వచ్చింది, అమ్మిన ప్రతులు పెరగకుండానే. పాఠకుల్ని ఒకచోట చేర్చడం కేవలం మంచి మాటగా చెప్పుకునే సంగతి కాదు, నిధికి డబ్బు వచ్చేదే అక్కడ.

వాటాదారులంతా తమ వాటా తగ్గించుకుంటే ఏమవుతుందో 2001లో తెలిసింది. జె.కె. రౌలింగ్ బ్రిటన్ సేవాసంస్థ కామిక్ రిలీఫ్ కోసం రాసిన రెండు చిన్న పుస్తకాల వెల బ్రిటన్‌లో 2.50 పౌండ్లు, అందులో 80 శాతానికి పైగా నిధికి వెళ్లింది. అచ్చు, కాగితం, దుకాణం ఎవరి వాటా వాళ్లు తగ్గించుకుంటే గానీ అది కుదరదు. అంత పేరు లేని పుస్తకానికి దుకాణాలు కమీషన్ వదులుకోవు, వదులుకుంటాయని బడ్జెట్ వేయకూడదు.

2011లో రెండు వేర్వేరు పాఠాలు వచ్చాయి. మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చిన వారానికి ట్విట్టర్‌లో ఒక పిలుపు వెళ్లింది. దానికి స్పందించినవాళ్ల రచనలతో సుమారు నెల రోజుల్లో 'క్వేక్‌బుక్' ఈ-పుస్తకంగా తయారైంది. డబ్బు జపాన్ రెడ్‌క్రాస్‌కు వెళ్లింది. మామూలు పద్ధతిలో తొమ్మిది నెలలో, ఏడాదో పట్టే పని అది, అప్పటికి వార్త చల్లారిపోయేది. తొందరలో అచ్చుతప్పులు, ఎగుడుదిగుడు రచనలు తప్పవు. అత్యవసర సాయానికైతే ఆ బేరం ఫరవాలేదు గానీ, ఏళ్ల తరబడి సాగే పనికైతే నిదానమే నయం. అదే ఏడాది, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో బడులు కట్టే ఒక అమెరికన్ సంస్థ వివాదంలో పడింది. 2012లో మాంటానా అటార్నీ జనరల్ నివేదిక ప్రకారం, సహ సంస్థాపకుడు గ్రెగ్ మార్టెన్‌సన్ పుస్తకాలను కొనడానికీ ప్రకటనలకూ సంస్థ సొమ్ము వాడారు, రాయల్టీ మాత్రం ఆయనకు వెళ్లింది. ఒక్క కొనుగోళ్లకే సుమారు 40 లక్షల డాలర్లు. ఆయన 10 లక్షల డాలర్లకు పైగా తిరిగి చెల్లించడానికి అంగీకరించారు. సేవాసంస్థే సొంత డబ్బుతో ప్రతులు కొని పంచిపెట్టేచోట ఆ ప్రతుల మీద రాయల్టీ ఉండదని ముందే రాసుకోవాలి.

పాఠకుల వైపు నుంచి చూస్తే 1998లో సియాటిల్ గ్రంథాలయంలో నాన్సీ పెర్ల్ మొదలుపెట్టిన, అందరూ ఒకే పుస్తకం చదివి చర్చించుకునే 'ఊరంతా ఒకే పుస్తకం' పద్ధతి చాలా చోట్లకు పాకింది. సేవానిధి పుస్తకానికి దీన్ని వాడుకునేవాళ్లు ప్రతులు చేతికందాక చదవడానికి కనీసం ఆరు వారాలు ఇవ్వాలి. వెంటనే సభ పెడితే సగంమంది చదవకుండా వస్తారు, చర్చ కాస్తా ఉపన్యాసమవుతుంది. సంకలనమైతే మూడు నాలుగు రచనలు ముందే ఎంచి చెప్పడం మంచిది. చదివిన పుటకు ఇంత చొప్పున, తెలిసినవాళ్ల దగ్గర విరాళం పోగుచేసే పద్ధతిలో చదవడం జరుగుతుంది గానీ వసూలు దగ్గర ఆగిపోతుంది. చదవడం మొదలుపెట్టేముందే గరిష్ఠ మొత్తం రాయించుకుంటే ఇచ్చేవాళ్లకూ భయముండదు.

ఒప్పందంలో ఎక్కువగా మర్చిపోయేది ముగింపు. రచయితలు ఇచ్చింది ఒక్క ముద్రణకా, ఈ-పుస్తకానికీ ఆడియోకూ కూడానా, ఎన్నేళ్లకు? పాత రచన అయితే హక్కు రచయిత దగ్గరుందా, మొదటి ప్రచురణకర్త దగ్గరుందా? రచయిత రాయల్టీ తీసుకుని తర్వాత విరాళమిస్తే చాలా దేశాల్లో అది ముందు ఆయన ఆదాయం కింద లెక్కకొస్తుంది, అందుకే నేరుగా సంస్థ పేరనే చెల్లించాలని రాస్తారు. సంస్థ మూతపడితే డబ్బు ఎవరికి వెళ్లాలో రెండో పేరు కూడా ఉండాలి. అమ్మకాల లెక్క ఆరు నెలలకోసారి చూసి, తిరిగొచ్చే ప్రతుల కోసం మొదటిసారి నాలుగో వంతు దాకా ఆపుకుని, మిగతాది చెల్లించాలి. రెండేళ్ల తర్వాత మిగిలిన ప్రతుల్ని తుక్కు కింద అమ్మకుండా, ముందు సంస్థకు అచ్చు ఖర్చుకు ఇవ్వజూపాలి, వద్దంటే గ్రంథాలయాలకు పంపాలి. ఆ రోజుతో ఖాతా మూసి, మొత్తం ఎంత చేరిందో చందాదారులందరికీ తెలియజేసే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాయాలి.