పాత సినిమాని ముట్టుకునే హక్కు ఎవరిది: 1986లో తెగని తగువు

లాస్ వెగాస్‌లోని స్ఫియర్ అనే పెద్ద గోళాకారపు హాల్లో 2025 ఆగస్టు 28న ‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’ ఆడటం మొదలైనప్పుడు, పాత సినిమాని ఇలా మార్చొచ్చా అని ఒక వాదన రాజుకుంది. ఆ డిసెంబర్‌లో వార్నర్ బ్రదర్స్‌ని కొనడానికి నెట్‌ఫ్లిక్స్, పారామౌంట్ పోటీ పడటంతో అది ఇంకా ముదిరింది. ఎందుకంటే ఆ సినిమా వార్నర్ సొత్తు. 1939లో 102 నిమిషాలున్న సినిమాని స్ఫియర్ కోసం సుమారు 75 నిమిషాలకు కుదించారు. చుట్టూ తిరిగిన ఆ తెర నిండాలి కాబట్టి, అసలు ఫ్రేములో లేని భాగాలను ఏఐతో పుట్టించారు. క్లోజప్‌లో ఒక్కరే ఉన్న చోట, ఆ సీన్‌లో పక్కన ఉండాల్సిన మిగతా పాత్రలను తెచ్చి నిలబెట్టారు. జనం మాత్రం బాగా వచ్చారు. అక్టోబర్ నాటికే 10 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి.

దీన్ని ఏఐ తెచ్చిన కొత్త తగువుగా రాస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది కొత్తది కాదు. 40 ఏళ్ల కిందట ఇదే తగువు అమెరికా సెనేట్ దాకా వెళ్లి, తీర్పు లేకుండానే వెనక్కి వచ్చింది. స్టూడియోల వైభవం, స్టార్ల కాంట్రాక్టులు, టీవీ దెబ్బకి హాళ్లు ఖాళీ కావడం అందరికీ తెలిసినవే. వాటిని వదిలేసి నేరుగా 1986 మార్చికి వెళ్దాం.

అట్లాంటాలో టీవీ చానెళ్లు నడిపే టెడ్ టర్నర్ ఆ నెలలో కిర్క్ కెర్కోరియన్ అనే వ్యాపారి దగ్గర, ‘ఓజ్’ తీసిన ఎంజీఎం స్టూడియోని కొన్నాడు. బేరం సుమారు 150 కోట్ల డాలర్లు. అప్పు మొయ్యలేక కొద్ది నెలల్లోనే స్టూడియోని, కల్వర్ సిటీలోని స్థలాన్ని, చివరికి ఎంజీఎం పేరుని కూడా అమ్మేశాడు. వదలకుండా పట్టుకున్నది ఒక్కటే, సినిమాల లైబ్రరీ. అందులో ఎంజీఎం తీసినవే కాదు, 1950కి ముందు వార్నర్ తీసినవి కూడా ఉన్నాయి. పాత సినిమాలకు ఇక విలువేముందని వార్నర్ వాటిని 1956లోనే 2.1 కోట్ల డాలర్లకు వదిలించుకుంది. ఆర్‌కేవో అనే మరో పాత స్టూడియో సినిమాలు కూడా చేరి మొత్తం 3,000 దాటాయి. 1996లో టర్నర్ కంపెనీ టైమ్ వార్నర్‌లో కలిసిపోవడంతో ఈ లైబ్రరీ వార్నర్ చేతికి వచ్చింది.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. సినిమాలు తీసే చోటు అక్కర్లేదు, తీసేవాళ్లు అక్కర్లేదు, ఆ ముఖాలు చాలు అని ఒక వ్యాపారి తేల్చి చెప్పాడు. గార్బో, గేబుల్, బోగార్ట్, ‘ఓజ్’ హీరోయిన్ జూడీ గార్లాండ్ లాంటి పాత తారలు. వాళ్లని చూడటానికి జనం ఇంకా టీవీ ముందు కూర్చుంటారని అతనికి తెలుసు. అందులో అతను పొరబడలేదు.

ఆ అభిమానం ఎలా పుట్టిందో చెప్పడానికి ఒక్క సినిమా చాలు. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ 1946లో వచ్చి పెట్టిన డబ్బు రాబట్టుకోలేకపోయింది. 1974లో దాని కాపీరైట్‌ని ఎవరూ రెన్యువల్ చేయించలేదు. డబ్బు కట్టకుండా వేసుకోవచ్చని తెలిసి ఊరూరా టీవీ స్టేషన్లు ప్రతి క్రిస్మస్‌కీ దాన్నే వేశాయి. అలా చూసీ చూసీ అందులో హీరో జేమ్స్ స్టీవార్ట్ అమెరికా ఇళ్లలో సొంత మనిషి అయిపోయాడు. యజమాని పట్టించుకోని రోజుల్లో ప్రేక్షకులు పెంచుకున్న సినిమా అది. 1993లో కథ మీద, సంగీతం మీద ఉన్న హక్కులు చూపించి ఒక కంపెనీ దాన్ని మళ్లీ తన అదుపులోకి తెచ్చుకుంది. ఆ తర్వాత ఊరూరా వేయడం ఆగిపోయింది.

నలుపు తెలుపు సినిమా వస్తే కుర్రకారు చానెల్ మార్చేస్తున్నారని, కంప్యూటర్‌తో రంగులు వేయించడం టర్నర్ 1986లోనే మొదలుపెట్టాడు. ‘ద మాల్టీస్ ఫాల్కన్’ వంతు వచ్చేసరికి దాని దర్శకుడు జాన్ హ్యూస్టన్‌కి 80 ఏళ్లు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ మీద ఉన్నాడు. అలాగే విలేకరుల ముందుకు వచ్చి, వద్దని చెప్పాడు. తర్వాతి ఆగస్టులో చనిపోయాడు.

1987 మే 12న సెనేట్ సబ్‌కమిటీ ముందు వుడీ అలెన్, మిలోష్ ఫోర్మన్, సిడ్నీ పొలాక్ మాట్లాడారు. దర్శకులతో పాటు పాత తార జింజర్ రోజర్స్ కూడా వచ్చింది. టీవీలో తన ముఖం పుట్టినరోజు కేకులా రంగులు పూసుకుని కనబడుతుంటే బాధగా ఉందని చెప్పింది. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నలుపు తెలుపులో స్టార్ ముఖమంటే మేకప్, లైటు, కెమెరా మనిషి చేతిపని కలిసి చేసిన వస్తువు. ఏ బుగ్గ మీద ఎంత నీడ పడాలో లెక్క చూసుకుని తీశారు. ఆ నీడ మీద గులాబీ రంగు పులిమితే మారేది రంగు ఒక్కటే కాదు, మనిషే మారిపోతుంది. స్టీవార్ట్ అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో నటి గ్లోరియా గ్రేమ్ పాత్ర పేరు వయొలెట్ కాబట్టి, రంగులేసినవాళ్లు ఆమె బట్టలన్నిటికీ వయొలెట్ రంగే వేశారు. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా అయితే అంత చవకబారు చమత్కారం చేసేవాడే కాదని స్టీవార్ట్ చెప్పాడు.

అవతలి పక్షం వాదన చిన్నదే. డబ్బు పెట్టి కొన్న సినిమాలు నావి అన్నాడు టర్నర్. నలుపు తెలుపు ప్రింట్లు ఎక్కడికీ పోలేదని, ఇష్టం లేనివాళ్లు టీవీలో రంగు తగ్గించుకోవచ్చని రంగుల కంపెనీలు చెప్పాయి. పాత నెగటివ్‌లను కాపాడటానికి ఖర్చు పెడుతున్నది యజమానులేనన్న మాటలో మాత్రం నిజముంది.

1988 మార్చిలో దర్శకులు లూకాస్, స్పీల్‌బర్గ్ కూడా వచ్చి, సినిమాలను ఇలా మార్చొద్దని చెప్పారు. ఆ సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. ఏడాదికి 25 సినిమాలను జాతీయ జాబితాలో చేర్చాలి, వాటిని మారిస్తే మార్చినట్టు లేబుల్ వెయ్యాలి. మార్చకూడదని మాత్రం లేదు. 1992లో చట్టాన్ని పొడిగించినప్పుడు ఆ లేబుల్ కూడా పోయింది. 1990లో బొమ్మలు గీసేవాళ్లకు, శిల్పులకు తమ పనిని చెడగొట్టకుండా అడ్డుకునే హక్కు ఇచ్చిన అమెరికా, సినిమాని అందులోంచి పేరుపెట్టి మరీ తప్పించింది.

ఫ్రాన్స్ వేరే దారిలో వెళ్లింది. హ్యూస్టన్ తీసిన ‘ది యాస్ఫాల్ట్ జంగిల్’ని రంగుల్లో వెయ్యబోయిన ఒక ఫ్రెంచ్ చానెల్ మీద ఆయన పిల్లలు కేసు వేశారు. అమెరికా చట్టం ఏం చెప్పినా, ఫ్రాన్స్‌లో సృష్టికర్తకు తన పని మీద నైతిక హక్కు ఉంటుందని అక్కడి అత్యున్నత కోర్టు 1991 మే 28న తీర్పిచ్చింది. అంటే అట్లాంటిక్‌కి ఒక పక్క ఒప్పు అయింది రెండో పక్క తప్పు.

మనకి ఇది దూరపు సంగతేం కాదు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చినప్పుడు మనం సంబరంగా టికెట్లు కొన్నాం. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పుట్టించిన వెన్నెలకి రంగు వెయ్యొచ్చా అని అడిగినవాళ్లు తక్కువ. మొన్న 2025 ఆగస్టులో ‘రాంఝణా’ తమిళ వెర్షన్‌కి ఏఐతో ముగింపే మార్చి విడుదల చేశారు. దర్శకుడు, ధనుష్ ఇద్దరూ వద్దన్నారు, అయినా ఆగలేదు. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి కర్త నిర్మాతే.

టర్నర్ గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1994 ఏప్రిల్ 14న అతను పెట్టిన టీసీఎం అనే పాత సినిమాల చానెల్, ప్రకటనలు లేకుండా, కోతలు లేకుండా, నలుపు తెలుపుని నలుపు తెలుపుగానే వేసింది. ఈ తరానికి పాత హాలీవుడ్ మీద ప్రేమ పుట్టిందంటే సగం ఆ చానెల్ వల్లే. 2023 జూన్‌లో అక్కడ పెద్ద ఉద్యోగుల్ని తీసేసినప్పుడు దర్శకులు స్కోర్సెసి, స్పీల్‌బర్గ్, పాల్ థామస్ ఆండర్సన్ కలిసి వార్నర్ పెద్దలతో మాట్లాడాల్సి వచ్చింది.

స్ఫియర్ సంగతిలో వార్నర్‌ని సమర్థించేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఓజ్’కి చెయ్యి వేసిన దర్శకులు నలుగురు, పేరు పడింది విక్టర్ ఫ్లెమింగ్‌ది, కాన్సస్ సీన్లు తీసింది కింగ్ విడర్. మరి ఎవరి అనుమతి అడగాలి? ప్రశ్న సరైనదే. కానీ ఎవర్ని అడగాలో తెలియనప్పుడు ముట్టుకోకుండా ఉండటం కూడా ఒక దారే. కాన్సస్ సీన్లలో వచ్చే ‘ఓవర్ ద రెయిన్‌బో’ పాట పాడేటప్పుడు పదహారేళ్ల జూడీ చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో విడర్ చూసుకునే పెట్టాడు.

1989లో టర్నర్ కంపెనీ ‘సిటిజన్ కేన్’కి కూడా రంగు వేసి చూసింది, అంతలోనే ఆపేసింది. దయతలచి కాదు. దాని దర్శకుడు ఆర్సన్ వెల్స్‌తో ఆర్‌కేవో చేసుకున్న ఒప్పందాన్ని లాయర్లు తీసి చదివితే, ఆ సినిమా మీద ఆయనకి పూర్తి అధికారం ఉన్నట్టు తేలింది. ఆ కాగితం 1939 నాటిది. ‘ఓజ్’ విడుదలైందీ ఆ ఏడాదే. జీతానికి పనిచేసిన దర్శకులకు ఎంజీఎం అలాంటి కాగితం ఇచ్చేది కాదు. ఈ రెండు సినిమాలూ ఇప్పుడు ఒకే లైబ్రరీలో పక్కపక్కనే ఉన్నాయి, కొనేవాడి చేతికి కలిసే వెళ్తాయి.