దగ్గరి ఆసుపత్రి, తగిన ఆసుపత్రి

తీవ్రంగా గాయపడిన మనిషిని దగ్గరలో ఉన్న ఆసుపత్రికి చేర్చాలన్నది ఎవరికైనా తోచే ఆలోచనే. కానీ ప్లీహం చిట్లి కడుపులో రక్తం కారిపోతున్న రోగికి కావలసింది మంచమూ సెలైనూ కాదు. అర్ధరాత్రి అయినా సరే సిద్ధంగా ఉండే శస్త్రవైద్యుడు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, సరిపడా రక్తం.

ఈ తేడా ఎంతటిదో 1979లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో క్షతగాత్రులను, తీవ్ర గాయాల చికిత్సకు అన్నివేళలా సిద్ధంగా ఉండే ఒకే ట్రామా సెంటర్‌కు తీసుకువెళ్లేవారు. అదే కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆరెంజ్ కౌంటీలో ఏది దగ్గరైతే అక్కడికి చేర్చేవారు. రోడ్డు ప్రమాద మరణాలను పరిశీలిస్తే, మెదడుకు సంబంధించని గాయాలతో ఆరెంజ్ కౌంటీలో చనిపోయినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని బతికించగలిగి ఉండేవారని తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశీలించిన 92 మరణాల్లో అలాంటిది ఒక్కటే. రెండుచోట్లా వైద్యులున్నారు, ఆసుపత్రులున్నాయి. ఆరెంజ్ కౌంటీలో లేనిదల్లా ఎవరిని ఎక్కడికి చేర్చాలన్న ఏర్పాటు. ఆరెంజ్ కౌంటీ ఆ తర్వాత ట్రామా సెంటర్లను ఏర్పాటు చేసుకోగా, అలాంటి మరణాలు బాగా తగ్గాయి. అమెరికాలోనే 14 రాష్ట్రాల్లోని 69 ఆసుపత్రులపై జరిగి 2006లో వెలువడిన మరో పరిశోధన, ట్రామా సెంటర్‌లో చికిత్స పొందినవారికి మరణ ప్రమాదం 25 శాతం తక్కువని తేల్చింది.

ప్రాణాలు నిలబడ్డాక పునరావాస చికిత్స కూడా ఈ ట్రామా వైద్య వ్యవస్థలో భాగమే. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 29 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే కాబట్టి, కోలుకున్నవారిలో చాలామందికి చదువో, ఉద్యోగమో, కుటుంబ పోషణో ఎదురుచూస్తూ ఉంటుంది.

సమాజానికి అందే మరో మేలు, నా దృష్టిలో అంతే విలువైనది, ట్రామా రిజిస్ట్రీ. ఎవరు, ఎక్కడ, ఎలా గాయపడ్డారు, చికిత్సలో జాప్యం ఎక్కడ జరిగింది అన్నవన్నీ అందులో నమోదవుతాయి. ఒకే కూడలి నుంచి తలకు గాయాలైనవారు పదేపదే వస్తుంటే, ఆ కూడలిని సరిచేయమని లెక్కలు చూపి అడగవచ్చు. ప్రమాదాన్నే ఆపగలిగితే చికిత్స అవసరమే రాదు.

అయితే ఫలితాలు వెంటనే కనిపించవు. అమెరికా రాష్ట్రాలను పోల్చి 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యవస్థ మొదలైన దాదాపు 10 ఏళ్ల తర్వాతే వాహన ప్రమాద మరణాలు తగ్గడం మొదలై, 15 ఏళ్లకు ఆ తగ్గుదల 8 శాతానికి చేరింది. అంబులెన్స్ సిబ్బందికి శిక్షణ, ఆసుపత్రుల మధ్య బదిలీ నియమాలు, ప్రతి మరణంపై నిష్పాక్షిక సమీక్ష కుదురుకోవడానికి అంత కాలం పడుతుంది. అందుకే రెండో ఏడాది లెక్కలు చూసి నిధులు ఆపేసే ప్రభుత్వం, ఫలితం రాకముందే దాన్ని పోగొట్టుకుంటుంది.