లెడ్జర్‌లో చీర కనిపించదు: బల్లార్షా దుకాణాల్లో స్కానర్లు ఎందుకు దిగిపోతున్నాయి

మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న బల్లార్షా మార్కెట్‌లో ‘స్కానర్ బంద్, నగదు మాత్రమే’ అన్న కాగితాలు మళ్లీ కనిపిస్తున్నాయి. పైన మరాఠీలో ప్రింటు, కింద తెలుగులో చేత్తో రాసిన గీతలు. వాట్సాప్‌లో చీరలు, పచ్చళ్లు, వెదురు బుట్టలు అమ్మే మన ఆడవాళ్లు ‘మీ పేరు మీదున్న ఖాతా నుంచే డబ్బు కొట్టండి, వేరేవాళ్ల ఫోన్ నుంచి వద్దు’ అని స్టేటస్ పెడుతున్నారు. కొనేవాళ్లకు ఇది నచ్చడం లేదు. పన్ను ఎగ్గొట్టడానికే ఈ నాటకమని కొందరు అంటున్నారు. అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు. కానీ నేను మాట్లాడినవాళ్లలో ఎవరూ పన్ను గురించి భయపడటం లేదు. ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు తమ ఖాతాలో పడి, పొద్దున లేచేసరికి ఖాతా లాక్ అయిపోతుందేమోనని భయపడుతున్నారు.

యూపీఐ ఎప్పుడు వచ్చింది, నోట్ల రద్దు తర్వాత ఎలా పాకింది అన్నది అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు. 2021లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న కేంద్ర హోంశాఖ 155260 అనే హెల్ప్‌లైన్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. జూన్‌లో అధికారికంగా ప్రకటించింది. మరుసటి ఏడాది అదే 1930 అయింది. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మోసపోయిన మనిషి ఫోన్ చేయగానే పోలీసు ఆపరేటర్ వివరాలు ఎక్కిస్తాడు. ఆ ఫిర్యాదు పేరున సిస్టమ్‌లో ఒక టికెట్ పుడుతుంది. అది డబ్బు వెళ్లిన బ్యాంకుకు పోతుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆ బ్యాంకు దాన్ని కదలకుండా ఆపుతుంది, అంటే హోల్డ్ పెడుతుంది. ముందుకు కదిలిపోయి ఉంటే టికెట్ కూడా ఆ తర్వాతి బ్యాంకుకు కదులుతుంది. డబ్బు దొరికేదాకా ఇదే వరస. సైబర్ క్రైమ్ వాళ్ల భాషలో ఒక్కో మజిలీ ఒక్కో ‘లేయర్’.

దొంగ వెనకాల పరుగెత్తడానికి ఇది మంచి ఏర్పాటే. 2025 మార్చి నాటికి దీనివల్ల 4,386 కోట్ల రూపాయలకు పైగా కాపాడామని కేంద్రం చెప్పింది. మొదటి గంటలో ఆపకపోతే డబ్బు చేతులు మారిపోతుందని పోలీసులు అనేదీ నిజమే. అయితే టికెట్‌కు డబ్బు ఒక్కటే కనిపిస్తుంది. ఆ డబ్బుకు బదులుగా ఒక చీర వెళ్లిందా, ఒక డబ్బా పచ్చడి వెళ్లిందా అన్నది దానికి తెలియదు. డబ్బు ఎటునుంచి ఎటు పోయిందో రాసే ఆ లెడ్జర్‌లో, దొంగకు ఖాతా అద్దెకిచ్చినవాడూ, సరుకు అమ్మినవాడూ ఒకే వరసలో కూర్చుంటారు. నా లెక్కలో మలుపు ఇక్కడే.

మా వదిన సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె బల్లార్షాలో ఇంటి నుంచే టస్సర్ చీరలు అమ్ముతుంది. రంపపు పళ్ల అంచు ఉండే కరవత్ కాటి చీరలు. నాగ్‌భీడ్ వైపు నేతగాళ్ల దగ్గర తెచ్చి, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి, మంచిర్యాల, కాగజ్‌నగర్, కరీంనగర్ వాళ్లకు పంపుతుంది. ఒకరోజు కొత్త నంబర్ నుంచి ఆర్డర్. చీర 4,200. ఖాతాలో పడ్డది మాత్రం 14,200. వెంటనే ఫోన్. “అక్కా, ముందు ఒకటి ఎక్కువ నొక్కిన. పదివేలు మా తమ్ముడి నంబర్‌కు వాపస్ కొట్టు. జర జల్దీ, దవాఖానల ఉన్నం.” డబ్బు పంపినవాళ్ల పేరు వేరేగా ఉంది. అడిగితే “మా ఆవిడ ఫోన్‌ల కెళ్లి కొట్టిన” అన్నాడు. వదిన పదివేలు పంపింది. చీర కూడా కొరియర్ చేసింది.

పన్నెండో రోజున కిరాణా కొట్టులో ఆమె ఫోన్ నుంచి డబ్బు పోలేదు. బ్యాంకుకు వెళ్తే ‘డెబిట్ ఫ్రీజ్’ అన్నారు, అంటే ఖాతా నుంచి డబ్బు బయటికి పోదు. ఖాతాలో అప్పుడు 61,000 దాకా ఉన్నాయి. అందులో సగానికి పైగా నేతగాళ్లకు ఇవ్వాల్సినవే. కౌంటర్‌లోని అబ్బాయి ఒక చీటీ మీద ఫిర్యాదు నంబర్, ఒక మెయిల్ ఐడీ రాసిచ్చాడు. మరాఠీలో మెల్లగా చెప్పాడు: మా చేతుల్లో ఏమీ లేదు, అక్కడివాళ్లు ఎత్తేయమంటేనే ఎత్తేస్తాం. అక్కడివాళ్లంటే వేరే రాష్ట్రంలోని సైబర్ పోలీసులు. మహారాష్ట్రా కాదు, తెలంగాణా కాదు. మూడు రోజుల తర్వాత చీర పార్సిల్ తిరిగొచ్చింది. ఆ అడ్రస్‌లో అలాంటి మనిషి లేడట.

జరిగిందేమిటంటే, ఆ 14,200 పంపింది చీర అడిగినవాడు కాదు. ఎక్కడో ఇంకో మనిషిని ఇంకేదో కథ చెప్పి నమ్మించి, మా వదిన క్యూఆర్‌ను తన క్యూఆర్ అని పంపాడు. ఆ మనిషి నేరుగా ఆమె ఖాతాలోకే కొట్టాడు. ఈమె ‘వాపస్’ అనుకుని పంపిన పదివేలు దొంగ చేతికి చేరాయి. మోసపోయిన మనిషి 1930కి ఫోన్ చేశాడు. ఆయన చేసింది న్యాయమే. లెడ్జర్‌లో మాత్రం మా వదిన మొదటి లేయర్, ఆ తమ్ముడి నంబర్ రెండో లేయర్. డబ్బు వచ్చింది, వెంటనే ముందుకు పోయింది. దొంగకు ఖాతా ఇచ్చినవాళ్ల లెక్క కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ఇది పాత ‘నకిలీ స్క్రీన్‌షాట్’ మోసం లాంటిది కాదు. స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయే రోజుల్లో ఆ సరుకు ఖరీదు మాత్రమే పోయేది. దానికి మందుగా దుకాణాల్లో డబ్బు పడగానే మాట్లాడే పెట్టెలు వచ్చాయి. ఇక్కడ మాట్లాడే పెట్టె ఉన్నా లాభం లేదు. డబ్బు నిజంగానే పడింది. అసలు సమస్యే అది.

అమ్మేవాడికి నిబంధనల్లో చోటు లేకపోవడం 2021 కంటే ముందు నుంచీ ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటివాళ్ల మోసంతో, తన తప్పు లేకుండా డబ్బు పోతే, కస్టమర్ మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే చాలు, అతనికి పైసా నష్టం రాకూడదు. పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో తిరిగి చూపించాలి. 2019 సెప్టెంబర్ 20న మరొకటి వచ్చింది. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు మధ్యలో ఇరుక్కుంటే ఐదు రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కట్టివ్వాలి. రెండూ కావాల్సినవే. రెండింట్లోనూ డబ్బు కట్టినవాడు ఉన్నాడు, బ్యాంకు ఉంది. సరుకు పంపి డబ్బు అందుకున్నవాడు తన బిల్లు ఎవరికి చూపించాలి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది అన్నదానికి ఆ రెండింట్లో అలాంటి గడువేదీ రాయలేదు. 2021 ఏర్పాటు ఈ ఖాళీ మీదే వచ్చి కూర్చుంది.

చట్టం వైపు చూస్తే, ఖాతాలు ఆపడానికి చాలాకాలం వాడింది పాత నేర విచారణ స్మృతిలోని 102వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 106 వచ్చింది. దొంగసొత్తు అన్న అనుమానం ఉంటే పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు, ఆ సంగతి మేజిస్ట్రేట్‌కు తెలపాలి. సైకిల్‌ను పట్టుకోవడానికి పనికొచ్చే మాట అది. ఖాతాను పట్టుకుంటే అందులోని పిల్లల ఫీజు, నేతగాడి కూలీ, కరెంటు బిల్లు అన్నీ పట్టుబడతాయి.

కోర్టులు ఈ తేడాను గుర్తించాయి. 2023లో కేరళ హైకోర్టు, గొడవలో ఉన్న మొత్తం వరకే ఆపండి, మిగతా ఖాతా నడవనివ్వండి అంది. 2024లో మద్రాసు హైకోర్టు, ఎంత మొత్తమో తేల్చకుండా ఖాతా మొత్తాన్ని బిగించడం కుదరదంది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన ఒక కేసులో రోడ్డు పక్కన ఛోలే భటూరే అమ్ముకునే మనిషి ఖాతా ఆగిపోయింది. అనుమానం వచ్చిన మొత్తం 105 రూపాయలు. అక్కడా కోర్టు ఖాతా తెరవమంది. కానీ 105 రూపాయల కోసం హైకోర్టు దాకా వెళ్లగలిగేవాళ్లు ఎందరు? బల్లార్షా నుంచి హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్‌కు వెళ్లిరావాలంటేనే ఒక రోజు వ్యాపారం పోతుంది.

ఈ వేడి మా ప్రాంతంలో మొదట అందరి కంటా పడింది 2025 మేలో. తమ ఖాతాలు పదేపదే ఆగిపోతున్నాయని, మే 10 నుంచి డిజిటల్ చెల్లింపులు తీసుకోబోమని విదర్భ పెట్రోలు బంకుల డీలర్లు ప్రకటించారు. దొంగ సొమ్ముతో ఎవడో పెట్రోలు పోయించుకుంటే, పోసినవాడి ఖాతా లాక్ అవుతోందన్నది వాళ్ల గోడు. వాళ్లకు సంఘం ఉంది కాబట్టి పేపర్లో వచ్చింది. ఇంట్లో కూర్చుని చీరలు అమ్మేవాళ్లకు సంఘం లేదు.

అదే ఏడాది ఆ తర్వాత రెండు మార్పులు వచ్చాయి. జులై 15 నుంచి, ఎక్కువసార్లు పెట్టారన్న కారణంతో సిస్టమ్ తిప్పికొట్టిన రివర్సల్ క్లెయిమ్‌ను, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమన్న అర్జీని, అది న్యాయమైనదని తోస్తే, డబ్బు పంపినవాడి బ్యాంకే నేరుగా మళ్లీ పెట్టవచ్చని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనుమతించింది. అంతకుముందు ఎన్‌పీసీఐని ప్రత్యేకంగా అడగాల్సి వచ్చేది. మోసపోయిన కస్టమర్‌కు ఇది ఊరట. అమ్మేవాడికి మాత్రం, ముగిసిందనుకున్న అమ్మకం మళ్లీ తెరుచుకునే దారి. కొరియర్ రసీదు, చాట్, బిల్లు దాచుకోనివాడు అక్కడ నిలబడలేడు. రెండోది మేలు చేసేది. మనిషికీ మనిషికీ మధ్య ‘డబ్బు పంపండి’ అని వచ్చే కలెక్ట్ రిక్వెస్టులను అక్టోబర్ 1 నుంచి ఎత్తేశారు. పిన్ కొడితే డబ్బు వస్తుందని నమ్మించే మోసాలు ఎక్కువగా ఆ దారినే జరిగేవి. ‘ఎక్కువ పడింది, వాపస్ కొట్టు’ అనేదానికి రిక్వెస్టు అక్కర్లేదు కాబట్టి అది ఆగలేదు.

మన సరిహద్దులో ఇది ఇంకాస్త బరువు. అమ్మేది మహారాష్ట్రలో, కొనేది తెలంగాణలో, ఫిర్యాదు మూడో రాష్ట్రంలో. ఇక్కడి స్టేషన్‌కు వెళ్తే హోల్డ్ మేం పెట్టలేదంటారు. పెట్టినచోటికి హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. మా వదిన తెలుగు మీడియంలో చదివి, మరాఠీలో బేరం చేసే మనిషి. ఆ మెయిల్ నేనే రాశాను. చాట్, బిల్లు, కొరియర్ రసీదు, తిరిగొచ్చిన పార్సిల్ ఫోటో జత చేశాను. ఏడు వారాల తర్వాత ఖాతా తెరుచుకుంది. 14,200 మీద హోల్డ్ మాత్రం అలాగే ఉంది.

అందులో 4,200 తనవి కావని, చీర తిరిగొచ్చింది కాబట్టి ఆ మనిషికి ఇచ్చేయమని ఆమె మెయిల్‌లోనే రాయించింది. మిగతా పదివేలు నేతగాళ్ల కూలీ. దాన్ని తన గాజులు కుదువపెట్టి తీర్చింది. ఇప్పుడు ఎక్కువ డబ్బు పడిందని ఎవరు ఫోన్ చేసినా ఒకటే చెబుతోంది: “మీ బ్యాంకులో చెప్పండి, వాళ్లే వెనక్కి తీసుకుంటారు. నేను వేరే నంబర్‌కు కొట్టను.” మెయిల్‌కు జవాబు వచ్చిందా అని ఆదివారం ఆదివారం నన్ను అడుగుతుంది.